హాజరు పట్టీలో పెంటమ్మ

మొదటి పని

మా తమ్ముడి కూతురు శైలజకు ఈ మధ్యే టీచరు ఉద్యోగం వచ్చింది. పటాన్‌చెరు పక్కన ఒక ప్రాథమిక పాఠశాలలో చేరడానికి ముందు మా ఇంటికి వచ్చి, "పెద్దబాపూ, పోంగనే ఏం జెయ్యాలె? పాఠం చెప్పాల్నా, పిల్లలతోని ముచ్చట పెట్టాల్నా?" అని అడిగింది.

"హాజరు తియ్యి" అన్నాను.

"గదేనా? గది అందరికీ తెల్సిందే గద!"

అందరికీ తెలిసిన పని కాబట్టే దాన్ని ఎవరూ నేర్పరు. నేను ఉద్యోగం చేసినంతకాలం రోజుకు రెండుసార్లు పిల్లల పేర్లు పిలిచాను. డైరీ రాసే అలవాటు చదువుకునే రోజుల నుంచీ ఉంది. బడి నుంచి వచ్చి, టీ తాగి, నాలుగు వాక్యాలు రాస్తే తప్ప ఆ రోజు ముగిసినట్టు ఉండేది కాదు. శైలజ వెళ్లాక ఆ పాత డైరీలు తిరగేశాను. పాఠాల గురించి రాసుకున్నది తక్కువ. పేర్ల గురించి రాసుకున్నది చాలా ఎక్కువ. ఎవరికి ఏ పేరు, ఎందుకు పెట్టారు, ఆ పేరుతో ఆ పిల్లవాడు ఎట్లా వేగాడు, ఇవే ముచ్చట్లు.

అందుకే ప్రమోషన్లు, తనిఖీలు, బదిలీలు వదిలేసి పేర్ల సంగతే రాస్తున్నాను. శైలజకూ, ఆమెలాగా కొత్తగా పట్టీ చేతికి తీసుకునేవాళ్లకూ పనికొస్తుందని.

పెద్దసారు బల్ల

నేను మొదట పనిచేసిన బడి సంగారెడ్డికి దగ్గరలో ఒక పల్లెలో ఉండేది. అక్కడి హెడ్మాస్టరును ఊరంతా పెద్దసారు అనేవారు. ఆయన చెప్పినట్టు లెక్కలు చెప్పేవాళ్లను తర్వాత నేను చూడలేదు. పిల్లవాడికి జ్వరం వస్తే ఇంటికి వెళ్లి చూసి వచ్చేవారు. అయితే ఆయనకొక అలవాటు ఉండేది. పిల్లవాణ్ణి చేర్చడానికి తండ్రి వచ్చి పేరు చెప్తే, నచ్చకపోతే అక్కడికక్కడే బల్ల మీద మార్చేసేవారు. పోచయ్య ప్రసాద్ అయ్యేవాడు. ఎల్లయ్య విజయ్ కుమార్ అయ్యేవాడు.

"రేపు వీడు ఆఫీసర్ అయితడు. పెంటయ్య ఆఫీసర్ అంటే ఏం బాగుంటది చెప్పు?" అని తండ్రినే అడిగేవారు.

తండ్రులు చేతులు కట్టుకుని, "మీ దయ సార్" అనేవారు.

అట్లా ప్రభాకర్ అయిన ఒక పెంటయ్య రెండో తరగతిలో ఉండేవాడు. ఏడాది చివర వాడి తండ్రి కోపంగా బడికి వచ్చాడు. కొడుకు బడికి సరిగా రావడం లేదని ఎవరో కబురు పంపారట.

"మా పిలగాడు దినాం బడికొస్తుండు సార్. నేనే తోలిచ్చి పొలానికి పోతున్న. రాలేదంటరేంది?"

"మరి పట్టీ అబద్ధం జెప్తదా?" అన్నారు పెద్దసారు.

"పట్టీ సంగతి నాకేం ఎరుక సార్? అగో, గా మూలకు కూసున్నోడు మావాడే."

పెద్దసారు మూలకు చూసి, "ప్రభాకర్!" అని పిలిచారు. పిల్లవాడు కదల్లేదు. మళ్లీ గట్టిగా పిలిచారు. వాడు పక్కవాడి పలక చూసుకుంటున్నాడు. అప్పుడు తండ్రి "ఒరేయ్ పెంటిగా!" అన్నాడు.

"ఆఁ నాయినా" అని లేచి నిలబడ్డాడు.

ఏడాదంతా క్లాసులో కూర్చుని, ఏడాదంతా గైర్హాజరైన పిల్లవాణ్ణి ఇంకొకణ్ణి నేను చూడలేదు. ఆ క్లాసు చూసే సారు పేరు పిలవడం, జవాబు రాకపోతే గీత పెట్టడం, అంతే చేశాడు. తలెత్తి చూడలేదు. అయినా పెద్దసారు పేర్లు మార్చడం మానలేదు. కొత్త పేరుతో ఇంట్లో కూడా పిలవాలని తండ్రులకు చెప్పడం మాత్రం మొదలుపెట్టారు.

నేను ఆ బల్ల పక్కన నిలబడి ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరి పిల్లలకూ పేరు పెట్టను, ఉన్న పేరు మార్చను. ఎందుకు పెట్టారో మాత్రం అడుగుతాను.

ఎందుకు పెట్టారు?

ఈ ప్రశ్న అడిగి చూడండి. తల్లిదండ్రులు కుర్చీ ముందుకు జరుపుకుని చెప్తారు.

కాజీపల్లి వైపు పనిచేసినప్పుడు ఒక పిల్లవాడి పేరు పర్మినెంట్. ఇంట్లో ముద్దుపేరు కాదు, రాసుకునే పేరే. తండ్రి ఒక మందుల కంపెనీలో చాలాకాలం కాంట్రాక్టు మీద పనిచేశాడు.

"వీడు పుట్టిన వారమే నన్ను పర్మినెంట్ జేసిండ్రు సార్. పొద్దుగాల లేసి వీని పేరు పిలిస్తే చాలు, నాకు ధైర్యం వస్తది."

తర్వాత ఆ కంపెనీ మూతపడింది. తండ్రి వేరే చోట మళ్లీ కాంట్రాక్టుకే చేరాడు. పేరు మారుద్దామని ఎప్పుడైనా అనుకున్నాడా అని అడిగాను. "గట్లెట్ల సార్? ఇంట్ల ఒక్కటన్న పర్మినెంట్ ఉండాలె గద" అని నవ్వాడు.

రిటైరయ్యాక కొంతకాలం సంగారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాను. అక్కడ ధాన్యం వ్యాపారం చేసే ఒక శేఠ్ తన మనవణ్ణి దించడానికి వచ్చేవాడు. పిల్లవాడి పేరు ఎవరో పండితుడు లెక్కలు వేసి పెట్టినదట. నిండా ఒత్తులే. ఒకరోజు శేఠ్ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "సార్, మా పిలగాని పేరు నాకే నోరు తిరుగది. దుకాణంల అందరం చిన్న శేఠ్ అంటం. మీరు గూడ జెర గట్లనే పిలువుండ్రి" అన్నాడు. కొడుకూ కోడలూ వింటారేమోనని అటూ ఇటూ చూశాడు పాపం.

పిల్లలకు వింత పేర్లు పెట్టవచ్చా అని నన్ను చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. లోకంలో ఎవరికీ ఉండకూడదని వెతికి పెట్టే పేర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అందరూ ఫోనులోనే వెతుకుతారు కాబట్టి అందరికీ అదే దొరుకుతుంది. రిటైరయ్యే ముందు చేసిన చివరి సర్కారు బడిలో ఒక్క క్లాసులో నలుగురు ఆద్యలు ఉండేవారు. పిల్లలే వాళ్లను కళ్లద్దాల ఆద్య, రెండు జడల ఆద్య అని విడదీసుకున్నారు. ఇంట్లో తాతకు నోరు తిరగని పేరు పెట్టడం కూడా నాకు నచ్చదు. ఇక మిగిలిన పేర్లలో వింత అంటూ ఏదీ లేదు. వినేదాకా వింత, విన్నాక ఒక ముచ్చట.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం పెంటమ్మ.

పెంటమ్మ వచ్చింది

ఆ చివరి సర్కారు బడి కర్దనూర్ వైపు ఒక ఊళ్లో. వ్యవసాయం ఉన్న కుటుంబాలే, కానీ పొలం కొంత అమ్మి, మిగతా జాగాలో వరసగా కిరాయి గదులు కట్టుకున్నారు. ఆ గదుల్లో ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కార్మికులు ఉండేవారు. ఇంటి మగవాళ్లు కూడా కాజీపల్లి కంపెనీలకు షిఫ్టులకు వెళ్లేవారు.

అడ్మిషన్ల రోజుల్లో యాదగిరి అనే అతను షిఫ్టు దిగి, కంపెనీ చొక్కా మీదే కూతుర్ని బండి మీద తీసుకొచ్చాడు. భార్య స్వరూప వెనక కూర్చుని ఉంది.

"సార్, పిల్ల పేరు మార్చి రాయుండ్రి. గా పేరు జెప్పనీకె నాకే సిగ్గయితది."

"ఏం పేరు?"

"పెంటమ్మ." నేల చూస్తూ చెప్పాడు.

"ఎందుకు పెట్టిండ్రు?"

అతను జవాబు చెప్పేలోపు గేటు దగ్గర ఆటో ఆగింది. అతని తల్లి బాలమ్మ దిగి, కొంగు బిగించుకుంటూ నేరుగా బల్ల దగ్గరకు వచ్చింది.

"సార్, ఆని మాట ఇనకు. పేరు మారిస్తే నా మనవరాలు దక్కది."

"ఇది ఏ కాలమే అమ్మా? కంపెనీల తోటోళ్లు నవ్వుతుండ్రు. బిడ్డ పేరేందిరా అంటె అమ్ములు అని చెప్పుకుంట తిరుగుతున్న."

"నవ్వనీ. నవ్వితె పానం పోతదా? ముగ్గురు పిల్లలు పోయిండ్రు గద, అప్పుడు ఒచ్చిండ్రా నీ తోటోళ్లు?"

స్వరూప పిల్ల తల నిమురుతూ నిలబడింది.

మా వైపు ఈ ఆచారం పాతదే. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదులుతారు. మాకొద్దు అన్నట్టు వెనక్కి చూడకుండా వస్తారు. బంధువులు కాని ఎవరో ఆ బిడ్డను ఎత్తుకుంటారు. బిడ్డ ఇక వాళ్లది. అప్పుడు ఇంటివాళ్లు వెళ్లి చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంటారు. ఎవరికీ అక్కరలేని పేరు పెడతారు. అంత చవక వస్తువు మీద యముడి కన్ను పడదని నమ్మకం.

కానీ బాలమ్మ ఇంట్లో అప్పటికే పశువులు లేవు, పెంటకుప్పా లేదు. ఊరి చివర ఒకరి బర్రెల కొట్టం దాకా చేట మోసుకుని వెళ్లిందట. ఎత్తుకోవడానికి మనిషి కూడా దొరకలేదు. అందరూ షిఫ్టుల్లో ఉన్నారు. ఆ రోజు సెలవు పెట్టి గదిలో ఉన్నది సుభద్ర ఒక్కతే. ఒడిశా నుంచి వచ్చి, బాలమ్మ దగ్గరే కిరాయికి ఉన్న మనిషి. ఏమిటో అర్థం కాకపోయినా బాలమ్మ వెంట పరుగెత్తి, బిడ్డను ఎత్తుకుంది. తవుడు చేతికిస్తే ఎందుకో తెలియక నవ్విందట.

ఇదంతా విని నేను పెద్దసారు బల్లను తలచుకున్నాను. తండ్రి సిగ్గు నిజమే. నాయనమ్మ భయమూ నిజమే. ఒకరి మాట రాస్తే ఇంకొకరు ప్రతిరోజూ కుమిలిపోతారు. ఇంకో ప్రశ్న అడిగాను.

"అవ్వా, ఈ పేరు ఎప్పటిదాక ఉండాలె?"

"పాలపండ్లు ఊడి, గట్టి పండ్లు మొలిచెదాక సార్. అటెనుక భయం లేదు."

యాదగిరి తల్లి వైపు తిరిగాడు. "గీ మాట నాకెన్నడు జెప్పలే?"

"నువ్వు అడిగినవా?"

పెంటమ్మ అనే రాశాను. పండ్లు మొలిచాక రమ్మన్నాను.

తవుడుకు కొన్న పిల్ల

హాజరు తీసేటప్పుడు టీచరు ఒక పేరు దగ్గర ఆగితే, ఆ ఆగడం పిల్లలకు వినపడుతుంది. కొత్త పేరు చూసి కొద్దిగా నవ్వినా, గొంతు సవరించుకున్నా, క్లాసు ఆ రోజే నేర్చుకుంటుంది, ఈ పేరుకు నవ్వవచ్చని. తర్వాత ఎన్ని నీతులు చెప్పినా లాభం లేదు. అందుకే కొత్త క్లాసు పట్టీని నేను ముందురోజే ఇంట్లో పైకి చదువుకునేవాణ్ణి. ఒత్తులున్న పేర్లు, ఒడియా పేర్లు, బీహారు పేర్లు నాలుకకు అలవాటయ్యేదాకా.

పావని, పెంటమ్మ, ప్రణయ్ అని ఒకే గొంతుతో పిలిచాను. అయినా పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఒక పిల్లవాడు పకపకా నవ్వాడు. వాణ్ణి తిట్టలేదు. "నీ పేరుకు అర్థమేంది?" అని అడిగాను. తెలియదన్నాడు. వరసగా అందరినీ అడిగాను. నలుగురు ఆద్యలకూ తెలియదు. పెంటమ్మ లేచింది.

"నన్ను పెంట మీద పడేసిండ్రు సార్. మళ్ల తవుడిచ్చి కొనుక్కున్నరు."

"నిన్ను కొన్నరా?" అన్నాడు ప్రణయ్ కళ్లు పెద్దవి చేసి. "ఎంతకు?"

"చేటెడు."

"నిండా?"

"నిండా!"

ప్రణయ్ "మా ఇంట్ల నన్నెవ్వలు కొనలే" అన్నాడు దిగులుగా. ఆ వారమంతా పిల్లలు ఇళ్లకు వెళ్లి తమను ఎంతకు కొన్నారో అడిగారట. ఇద్దరు తల్లులు వచ్చి నాతో తగాదా పెట్టుకున్నారు కూడా.

పండ్లు మొలిచాయి

రెండో తరగతిలో ఒకరోజు పెంటమ్మ నా బల్ల దగ్గరకు పరుగున వచ్చి నోరు తెరిచింది. ముందు రెండు పళ్లు రంపంలాంటి అంచులతో మెరుస్తున్నాయి. ఆ వెంటనే యాదగిరి వచ్చాడు. వెనక బాలమ్మ, స్వరూప కూడా. అతని ఫోనులో పేర్లు సిద్ధంగా ఉన్నాయి. కాగితాల కోసం ఏ ఆఫీసుకు వెళ్లాలో కూడా కనుక్కున్నాడు.

"ఆద్విక అని పెడదాం సార్."

"వద్దు నాయినా," అంది పెంటమ్మ. "ఆద్యలే నలుగురున్నరు."

బాలమ్మ కొత్త చిక్కు తెచ్చింది. "పండ్లొచ్చినయి, మాట తప్ప. కానీ, ఎత్తుకున్నామెను అడగాలె. పిల్ల ఆమెది. నేను కొనుక్కున్న, అంతే."

సుభద్ర భర్తతో సొంతూరు వెళ్లిపోయి చాలాకాలమైంది. నంబరు మాత్రం బాలమ్మ దగ్గర ఉంది. యాదగిరి విసుగ్గానే కలిపి, స్పీకరు పెట్టి, బడి వరండాలో గట్టు మీద ఉంచాడు.

"హలో, సుభద్రా? నేను బాలమ్మను."

"అమ్మా! అచ్ఛే హో? బాగున్నవా?" అవతలి గొంతు ఒక్కసారి పెరిగింది. "మా టికి ఎట్లున్నది? పెద్దగైందా?"

"టికి అంటే ఎవరమ్మా?" అని నేను అడిగాను.

"ఎవరు, మాస్టర్‌జీయా? నమస్తే జీ. మా దిక్కు చిన్నగున్న పిల్లను టికి అంటం. ఎత్తుకున్నప్పుడు ఇత్తీసీ, గింతనే ఉండె. పెంటమ్మ అని నాకు నోరు రాలే జీ. ఉన్నన్ని రోజులు టికి అనే పిలిచిన."

పెంటమ్మ ఫోను పక్కన కూలబడి, "ఇంకోసారి పిలువు" అంది.

"టికీ!"

"ఆఁ!"

ఫోనులోంచి నవ్వూ ఏడుపూ కలిసిన చప్పుడు వచ్చింది. పెంటమ్మ మా వైపు తిరిగి, "గిదే నా పేరు" అని తేల్చేసింది.

యాదగిరి తల పట్టుకున్నాడు. "టికి ఏంది సార్? బిస్కట్ పుడ పేరు లెక్క! పెంటమ్మ పోయి టికి వచ్చిందా నా నసీబుల? కంపెనీల ఏమని జెప్పుకోవాలె?"

"ఎత్తుకున్నామె పిలిచిన పేరు," అంది బాలమ్మ. "నాకు భయం లేదు."

స్వరూప భర్తను చూసి మెల్లగా అంది. "పెద్దోళ్లు ముగ్గురికి పేరే పెట్టలే. పురుడు చేసెదాక ఉండలే. నాకు ఏ పేరైనా సరే. పిలిస్తే పలికితే సాలు."

యాదగిరి ఆమెను చూశాడు. ఫోనులో పేర్ల పేజీ మూసేశాడు. "టికి అనే రాయుండ్రి సార్" అన్నాడు.

ఫోను పెట్టేముందు బాలమ్మ, "పేరు మారుతున్నది, మళ్ల కొనాలె సుభద్రా. నీకు తవుడు ఎట్ల పంపాలె?" అని అడిగింది.

"గింత దూరం ఎట్ల పంపుతవు అమ్మా? నా బదులు మాస్టర్‌జీకి ఇవ్వు."

చేటెడు తవుడు

కాగితాల పని యాదగిరి చూసుకున్నాడు. పట్టీలో కొత్త పేరు ఎక్కిన రోజు ఉదయం బాలమ్మ చేటలో తవుడు నింపుకుని క్లాసు గుమ్మంలోకి వచ్చింది. స్వరూప బయట కిటికీ దగ్గర నిలబడింది. ఏం చేయాలో బాలమ్మే నాకు నేర్పింది. పిల్లలందరూ బల్లలు దిగి చుట్టూ చేరారు.

"ఈ పిల్ల ఎవరిది?" అని అడిగాను.

"నీదే సార్. నాకు ఇస్తవా?"

"ఏమిస్తవు?"

"చేటెడు తవుడు."

"సరే, తీసుకపో."

బాలమ్మ నా బల్ల మీద పరిచిన తువ్వాలలో తవుడు గుమ్మరించింది. "సార్, నన్ను గూడ అమ్ముండ్రి!" అని ప్రణయ్ అరిచాడు. అందరినీ కూర్చోబెట్టి పట్టీ తీశాను.

బాలమ్మ వెళ్లలేదు. ఖాళీ చేట గుండెకు ఆనించుకుని, గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె పిల్లనే చూస్తోంది. పిల్లను ఇన్నేళ్లు యముడి నుంచి దాచిన పేరును ఇప్పుడు నలుగురిలో తీసేస్తున్నాం. ఏమవుతుందో చూడాలని ఆమెకు.

పేర్లు పిలుచుకుంటూ వచ్చాను. ప్రణయ్ అయ్యాడు. కళ్లద్దాల ఆద్య అయింది. ఎప్పటి గొంతుతోనే పిలిచాను.

"టికి."

"ప్రెజెంట్ సార్!"

కిటికీలో స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాలమ్మ మాత్రం కదల్లేదు.

"ఇంకోపారి పిలువు సార్."

హాజరులో ఒక పేరు రెండుసార్లు పిలవడం నేను అప్పటిదాకా ఎన్నడూ చేయలేదు. పిలిచాను.

"టికి."

"ఉన్న గద సార్!" అంది పిల్ల విసుగ్గా, కొత్త పళ్లు కనపడేట్టు.

బాలమ్మ పెద్దగా ఊపిరి వదిలి, "ఇగ పాఠం జెప్పుకో" అని చేట ఊపుకుంటూ వెళ్లిపోయింది.

తవుడు మూటకట్టుకుని తెచ్చి, మా వీధిలో ఒకరి బర్రెకు పెట్టాను. ఎప్పుడూ నాలుగు వాక్యాలు రాసేవాణ్ణి, ఆ సాయంత్రం డైరీలో రెండే మాటలు రాశాను: అందరూ హాజరు.